ఆషాఢంలో అప్‌లోడ్
(అమలాపురంలో పెళ్లిళ్ల ఫోటో, వీడియో స్టూడియోల వాళ్లం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. ఆషాఢం కాబట్టి ఇంతమంది ఒక్కచోట దొరికారు. శ్రావణం వచ్చిందంటే మనం ఒకరికొకరం కనబడేది కల్యాణ మండపం మెట్ల మీదే, అదీ డ్రోన్ బ్యాటరీ అప్పు అడగడానికి.

ఈ తీరికలో మన పెళ్లి ఫైళ్లకి ఇంకో కాపీ ఎక్కడ దాచాలో మాట్లాడుకుందాం. మన స్టూడియోల్లో చాలావాటిలో ఇప్పుడు నాస్ పెట్టె, అంటే హార్డ్ డిస్కులు కలిపి నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టె, ఉంది. సినాలజీ కంపెనీదో, క్యూనాప్ కంపెనీదో. అమ్మినాయన "ఒక డిస్కు పోయినా మీ డేటా ఎక్కడికీ పోదండి" అని చెప్పే ఉంటాడు. అబద్ధం కాదు, లోపలి డిస్కుల్ని జతకట్టే రెయిడ్ చేసే పని అదే. అయితే పెట్టెకి పెట్టే పోతే? 2022లో గోదారి వచ్చింది కూడా ఆషాఢంలోనే. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో వాళ్లు గొడ్లను తోలుకొచ్చి ఏటిగట్టు మీద కట్టేశారు. గొడ్డు ఒక్కటే ఉంటుంది కాబట్టి నీళ్లొచ్చాక తోలుకురావాలి. ఫైలుకి ఆ బాధ లేదు, నీళ్లు రాకముందే ఇంకో కాపీని గట్టు దాటించి ఉంచొచ్చు.

గట్టు దాటడమంటే ఎంత దూరం? పక్క వీధిలో పెదనాన్నగారింట్లో పెడితే దొంగకీ, షార్ట్ సర్క్యూట్‌కీ సరిపోతుంది. 1996 నవంబరు 6న వచ్చినలాంటి తుపానుకి సరిపోదు. ఆ గాలికి మన ఇల్లూ ఒకటే, పెదనాన్నగారిల్లూ ఒకటే. కనీసం హైదరాబాదో, ముంబయో ఉండాలి. అలా దూరంగా, ఇంటర్నెట్ మీద అద్దెకు ఫైళ్లు దాచిపెట్టేదే క్లౌడ్. అమెజాన్‌కి ముంబయిలో 2016 నుంచీ, హైదరాబాద్‌లో 2022 నుంచీ సొంత డేటా సెంటర్లున్నాయి. క్లౌడ్ అన్నాం కదా అని ఆకాశంలో ఉంటుందనుకోకండి, అదీ ఒక బిల్డింగే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ వాళ్ల డేటా సెంటర్ తగలబడితే, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లకి రెండూ పోయాయి. అందుకే ఇంట్లో పెట్టెను తీసెయ్యమని నేను చెప్పను. అదీ ఉండాలి, ఇదీ ఉండాలి.

ఇప్పుడు నా పరువు తీసుకుంటాను. మూడేళ్ల కిందట నేను కూడా "క్లౌడ్‌లో ఉంది" అని ధీమాగా తిరిగినవాణ్ణే. పాలకొల్లు దగ్గర ఒక పెళ్లి. ఆడపిల్ల తండ్రి ముప్పై రకాల సారె మోయించారు. కాజాలు, పూతరేకులు, సున్నుండలు, వరసగా కావిళ్లు. రెండో కెమెరా మొత్తం దానికే పెట్టాను. మా ఎడిటింగ్ కుర్రాడు 'సారె' ఫోల్డరూ 'సారె 2' ఫోల్డరూ చూసి, ఒకటి డూప్లికేటనుకుని రెండోది డిలీట్ కొట్టాడు. నేను పెట్టుకున్నది సింక్, అంటే ఇక్కడ ఏది మారితే క్లౌడ్‌లోనూ అదే మార్చేది. సింక్ ఎంత నమ్మకస్థురాలంటే, ఇక్కడ వాడు తీసేశాడు కాబట్టి అక్కడ తనూ తీసేసింది. క్లౌడ్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది. పెద్దాయన అడిగింది రెండు నెలలకి. "ఏమండీ, ముప్పై రకాలు మోయించాను, వీడియోలో ఒక్క కావిడైనా కనబడాలా వద్దా?" అన్నారు. సగం డబ్బులు వెనక్కిచ్చాను. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే బండి పక్క సందులోకి తిప్పుతాను.

బ్యాకప్ వేరు, సింక్ వేరు. బ్యాకప్‌లో పాత రోజులు కూడా ఉంటాయి: నిన్నటిది, పోయినవారానిది, ఆరు నెలల కిందటిది. సినాలజీలో హైపర్ బ్యాకప్, క్యూనాప్‌లో హెచ్‌బీఎస్ 3 ఆ పని చేస్తాయి. కొత్త యాప్ కొనక్కర్లేదు, పెట్టెతో వచ్చేవే.

పాత వెర్షన్లు ఎందుకంటే ఇంకో కారణముంది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అని ఒక రాన్సమ్‌వేర్ క్యూనాప్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లను పాస్‌వర్డ్ పెట్టిన సెవెన్‌జిప్ ఫైళ్లుగా మార్చేసింది. డబ్బు కడితేనే పాస్‌వర్డ్. అలాంటి రోజున సింక్ చేసే పనల్లా, పాడైన ఫైళ్లను శ్రద్ధగా పైకి పంపడం. క్లౌడ్‌లో 'ఆబ్జెక్ట్ లాక్' కంప్లయన్స్ మోడ్‌లో ఆన్ చేస్తే, మనం పెట్టిన గడువు తీరేదాకా ఆ కాపీని ఎవరూ చెరపలేరు. కుర్రాడూ చెరపలేడు, దొంగా చెరపలేడు.

ఇక డబ్బు. అందరూ నెలకెంత అని అడుగుతారు. వెనక్కి దించుకునేటప్పుడు ఎంత అని అడగండి. బ్యాక్‌బ్లేజ్ కంపెనీ తన బీ2 క్లౌడ్‌కి 2023లో టీబీకి, అంటే వెయ్యి జీబీకి, నెలకు 5 డాలర్ల నుంచి 6కి పెంచింది. కానీ దాచినదానికి మూడింతల దాకా డౌన్‌లోడ్ ఉచితం. అరుదుగా తెరిచే పాత ఫైళ్లకని ఉన్న అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అమెరికా రేటు టీబీకి నెలకు దాదాపు ఒక డాలరే. చవక కదా అని ఎగబడతాం. ఫైలు అడిగితే మామూలుగా 12 గంటల దాకా పడుతుంది, 180 రోజుల్లోపు తీసేసినా ఆ 180 రోజుల అద్దె కట్టాలి. దించుకోవడానికి జీబీకి 9 సెంట్లు వేసుకోండి, 4 టీబీకి 350 డాలర్లు దాటుతుంది. పదేళ్ల కిందటి పెళ్లిళ్లకైతే అది బాగుంటుంది. వచ్చేవారం ఆల్బమ్ ఇవ్వాల్సిన పెళ్లిని అందులో పడెయ్యకండి.

ఇంకో చిక్కు మన కార్డులది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నియమాల వల్ల నెలనెలా ఆటోమేటిగ్గా కట్ అయ్యే విదేశీ బిల్లులు చాలా మధ్యలో ఆగిపోతుంటాయి. మెయిల్ వస్తుంది, మనం పెళ్లిళ్ల హడావుడిలో చూడం. ఫోన్లో నెలకో అలారం పెట్టుకోండి. అలారానికి 'కార్డు' అని పేరు పెట్టండి, లేకపోతే ఎందుకు మోగిందో తెలియక ఆపేస్తారు.

ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివాళ్లు తెరవలేకుండా ఫైళ్లకి వేసే తాళం, తప్పకుండా పెట్టుకోండి, జనాల ఇంటి ఆడపిల్లల ఫోటోలవి. కానీ ఆ కీ పోతే కంపెనీవాడు కూడా ఏమీ చెయ్యలేడు. నాది కాగితం మీద రాసి మా బీరువాలో ఒకటి, హైదరాబాద్‌లో మా అక్క దగ్గర ఒకటి ఉంచాను. కీని ఆ నాస్‌లోనే సేవ్ చేసుకున్న మహానుభావుడు ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పనులెండి.

నెలనెలా కట్టడం ఇష్టం లేనివాళ్లు రెండో నాస్ కొని దూరపు ఊళ్లో బంధువులింట్లో పెట్టొచ్చు. మొదటి కాపీ ఇక్కడే కేబుల్ మీద నింపి, కారులో తీసుకెళ్లి అక్కడ పెట్టండి. అక్కడి బ్రాడ్‌బ్యాండ్‌లో పోర్టు, అంటే బయటినుంచి లోపలికొచ్చే దారి, తెరుచుకోకపోతే రెండు పెట్టెల్నీ కలిపే టెయిల్‌స్కేల్ యాప్ పెడితే పనైపోతుంది. ఒక్కటే గొడవ, వాళ్లింట్లో ఎవరో మిక్సీ కోసం ప్లగ్గు పీకేస్తారు.

క్లౌడ్‌కే అయితే మొదటి అప్‌లోడే పెద్ద పని. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 4 టీబీ ఎక్కడానికి, ఎక్కడా ఆగకపోతే, 18 రోజులు దాటుతుంది. అందుకే ఆషాఢం అంటున్నాను. కొత్త ఫైళ్లు రావు, లైను ఖాళీ. అది ఎక్కాక నెలకోసారి ఏదో ఒక పెళ్లిని వేరే కంప్యూటర్లోకి దించి తెరిచి చూడండి. నేను అమావాస్య నాడు చూస్తాను, ఆ రోజు ముహూర్తాలుండవు.

మీ లైను స్పీడెంతో ఇంటికెళ్లి చూసుకోండి. పెద్దగా కనబడేది డౌన్‌లోడ్, దాని పక్కన చిన్నబుచ్చుకుని ఉండేది అప్‌లోడ్. మనకి కావలసింది ఆ రెండోది. ఇక్కడే అందరూ ఒకేసారి హాలు వైఫై మీద చూడకండి బాబూ, టీ తెచ్చే కుర్రాడి ఫోన్ పే ఆగిపోతుంది.