నదిని కాపాడేది గాలి ఊదే ట్యాంకా, తేట తేల్చే ట్యాంకా?

మురుగు కలిసిన నదిలో చేపలు తేలితే అందరూ విషం అంటారు. చాలాసార్లు అవి ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. ఇళ్ల నుంచి వచ్చే మురుగు బీఓడీ లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఆ మాలిన్యాన్ని తినడానికి బ్యాక్టీరియాకు అంత ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల వేడిలో నది నీళ్లు పట్టి ఉంచగలిగేదేమో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే! ఒక్క లీటరు మురుగు ముప్పై లీటర్లకు పైగా నది నీటిని ఊపిరాడకుండా చేయగలదన్నమాట.

ఆ తినే పనేదో నదిలో కాకుండా ముందే ట్యాంకులో జరిగిపోవాలి. పట్టణం చిన్నదైనా పెద్దదైనా శుద్ధి కేంద్రం ఉన్నది అందుకే.

మొదట జల్లెడలు, తర్వాత ఇసుక గది. అక్కడ నీటి వేగం సెకనుకు 30 సెంటీమీటర్ల దగ్గర ఉంచితే ఇసుక దిగిపోతుంది, తేలికైన మలినం ముందుకు సాగుతుంది. ఇసుక దాటితే పంపులు అరిగిపోతాయి. వెట్ వైప్స్ దాటితే పంపులకు చుట్టుకుంటాయి. ప్యాకెట్ మీద ఏం రాసున్నా సరే, వాటిని టాయిలెట్‌లో వేయకండి.

తర్వాత ఏరేషన్ ట్యాంకు. బ్లోయర్లు అడుగు నుంచి గాలి ఊదుతుంటాయి. కేంద్రం కరెంటు బిల్లులో పెద్ద వాటా వీటిదే. నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే బ్యాక్టీరియా మురుగును తిని, ముద్దలు కట్టి, గోధుమరంగు స్లడ్జ్ అవుతుంది. అమ్మోనియాను వదిలించుకోవడం ఇంకా ఖరీదు: అందులోని ఒక్కో మిల్లీగ్రాము నైట్రోజన్‌కు దాదాపు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పోతుంది, నీటి క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కూడా తగ్గుతుంది. క్షారత చాలకపోతే పీహెచ్ పడిపోయి ఆ పని మధ్యలోనే ఆగుతుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఈ నురగ దగ్గరే ఫొటోలు దిగుతారు. నన్నడిగితే నది భవిష్యత్తు తేలేది పక్కనున్న క్లారిఫైయర్‌లో, అంటే స్లడ్జ్ అడుక్కి దిగి నీళ్లు తేటపడే ట్యాంకులో, ఏ చప్పుడూ లేని చోట. స్లడ్జ్ అక్కడ దిగకపోతే, తిన్నదంతా బ్యాక్టీరియా రూపంలో తిన్నగా నదిలోకే పోతుంది.

దాన్ని పట్టుకునే పరీక్ష చాలా చవక. ఏరేషన్ ట్యాంకు నీళ్లు ఒక లీటరు గాజు జాడీలో పోసి, కదపకుండా 30 నిమిషాలు ఉంచండి. స్లడ్జ్ 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగిందనుకుందాం. ట్యాంకులో స్లడ్జ్ సాంద్రత లీటరుకు 3 గ్రాములు. 300ని 3తో భాగిస్తే 100: ఒక్కో గ్రాము స్లడ్జ్ పట్టే చోటు, మిల్లీలీటర్లలో. బాగుంది. అదే సాంద్రతకు గీత 600 దగ్గర ఆగితే 200. 150 దాటిందంటే అనుమానించాల్సిందే: దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగి ముద్దలను దిగనివ్వట్లేదు. ఆక్సిజన్ తక్కువైనా, కుళ్లిన మురుగు వచ్చినా, పోషకాలు చాలకపోయినా ఇలా అవుతుంది. కారణం వెతక్కుండా క్లోరిన్ కొడితే కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

జాడీలో చక్కగా దిగిన స్లడ్జ్ గంటో రెండు గంటలో అయ్యాక గడ్డలుగా పైకి లేస్తే అది వేరే జబ్బు. అడుగున ఆక్సిజన్ అయిపోయి, నైట్రేట్ నుంచి నైట్రోజన్ బుడగలు పుడుతున్నాయి. క్లారిఫైయర్ అడుగు నుంచి స్లడ్జ్‌ను ఇంకా త్వరగా ఏరేషన్ ట్యాంకులోకి వెనక్కి లాగాలి.

రోజూ పెరిగే స్లడ్జ్‌లో కొంత బయటికి తీసేయాలి కూడా. ఆరబెట్టే చోటు నిండిపోయిందని దీన్ని వాయిదా వేయడమే చిన్న కేంద్రాల్లో మామూలు తప్పు. ట్యాంకులో పేరుకున్న ఆ స్లడ్జ్‌ను ఒక్క పెద్ద వాన నదిలోకి తోసేస్తుంది. వాన ముంచెత్తుతున్నప్పుడు కాసేపు గాలి ఆపి స్లడ్జ్‌ను ఏరేషన్ ట్యాంకులోనే కూర్చోబెట్టే ఉపాయం ఉంది. కానీ ఎక్కువసేపు ఆపితే బ్యాక్టీరియాకే ఊపిరాడదు.

చివర క్రిములను చంపడానికి క్లోరిన్ వేస్తే కనీసం అరగంట కలిసి ఉండాలి, వదిలేముందు మిగిలిన క్లోరిన్‌ను సోడియం బైసల్ఫైట్‌తో తీసేయాలి. కొంచెం మిగిలినా చేపలకు ప్రమాదమే. అతినీలలోహిత దీపాలతో ఆ బాధ లేదు, కాకపోతే నీళ్లు తేటగా ఉంటేనే పనిచేస్తాయి. క్లారిఫైయర్ దాటొచ్చిన నలుసుల చాటున క్రిములు వెలుగు తగలకుండా దాక్కుంటాయి.