“అంతా బాగుంది మేడమ్” అంటే ఏం రాసుకోవాలి?

యాంకర్: పరిశోధక విద్యార్థుల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. మొదటి ఫోను తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సులు ఒకరికొకరు ఎలా సహకరించుకుంటారన్నది నా పీహెచ్‌డీ టాపిక్. ఎవరిని అడిగినా “మా దగ్గర అంతా బాగుంది మేడమ్” అంటున్నారు, అంతే. చాలా టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: ఏమని అడుగుతున్నావమ్మా?

శ్రోత: “మీ మధ్య సహకారం ఎలా ఉంది?” అని.

నిపుణురాలు: దానికి ఎవరైనా ఆ జవాబే చెప్తారు. బాగాలేదంటే పక్కవాళ్ల మీద చాడీ చెప్పినట్టే కదా! అభిప్రాయం అడగకు, జరిగింది అడుగు. “నిన్న నైట్ డ్యూటీ వాళ్లు వార్డు అప్పగించేటప్పుడు ఏమేం చెప్పారు? చెప్పకుండా వదిలేసింది మీకెలా తెలిసింది?” అని అడిగి ఊరుకో. చికాగో పక్కన హాథార్న్ ఫ్యాక్టరీలో 1928 నుంచి వేలమంది కార్మికులను ఇంటర్వ్యూ చేశారు. మొదట్లో వాళ్లూ ప్రశ్నలు సిద్ధం చేసుకునే వెళ్లారు. కార్మికులేమో అడిగింది వదిలేసి మనసులో ఉన్నది చెప్పబోయేవారు. చివరికి వాళ్లను వాళ్ల దారిన మాట్లాడనిచ్చారు. అరగంట ఇంటర్వ్యూ గంట, గంటన్నర అయింది.

శ్రోత: మాట్లాడినా అన్నీ చెప్తారా మేడమ్?

నిపుణురాలు: చెప్పరు. అందుకే చూడాలి కూడా. అదే ఫ్యాక్టరీలో 1931-32లో 14 మంది పనిచేసే గదిలో ఒక పరిశీలకుడు కూర్చుని రాసుకున్నాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాలకు వైర్లు బిగించేవాళ్లు, టంకం పెట్టేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు. పనులు మార్చుకోకూడదని కంపెనీ రూలు. అయినా మార్చుకునేవారు. రోజుకు ఇంత పని చాలని వాళ్లలో వాళ్లకే ఒక లెక్క; ఎవరైనా దాన్ని దాటి చేస్తే భుజం మీద ఒక్కటిచ్చేవారు. ఇదంతా అడిగితే వచ్చేది కాదు.

నువ్వూ పొద్దున డ్యూటీ మారే వేళకు నర్సింగ్ స్టేషన్ దగ్గర ఉండు. రిజిస్టరులో రాసేది ఒకటి, రిజిస్టరు మూశాక చెప్పుకునేది ఇంకొకటి. “మూడో బెడ్ తాతగారు మాత్ర మింగినట్టే మింగి దిండు కింద దాస్తున్నాడు, చూసుకో.” నన్నడిగితే నీ థీసిస్ ఆ మాట దగ్గరే ఉంది.

శ్రోత: ఇంకొకటి మేడమ్. ఎవరెవరు ఏం చెప్పారో తనకు చూపించమని నర్సింగ్ సూపరింటెండెంట్ గారు అడుగుతున్నారు.

నిపుణురాలు: ససేమిరా చూపించొద్దు. సాయం చేసుకోవడం చాలాసార్లు రూలు దాటితేనే కుదురుతుంది. బిడ్డకు జ్వరమని ఒక సిస్టర్ గంట ముందే వెళ్లిపోతే, ఆమె పేషెంట్లను ఇంకొకరు చూసుకుని ఉండొచ్చు. నీ నోట్సు వల్ల అది బయటపడితే ఇద్దరికీ మెమో వస్తుంది. పేరు, వార్డు, బెడ్ నంబరు, పోల్చుకోగల ఏ గుర్తూ అందులో ఉండకూడదు. ఎవరి మాటలూ ఆస్పత్రికి చూపించనని పర్మిషన్ లెటర్‌లోనే రాయించు. సిస్టర్లకూ ఆ సంగతి చెప్పి, ఇష్టమైతేనే మాట్లాడమను.

శ్రోత: ఆవిడకు కోపమొచ్చి పర్మిషన్ తీసేస్తే?

నిపుణురాలు: నువ్వు ఇంకో ఆస్పత్రి చూసుకోవచ్చమ్మా. ఆ సిస్టర్లకు ఇంకో ఉద్యోగం అంత తేలిగ్గా దొరకదు. మీ గైడ్‌ని వెంటబెట్టుకుని వెళ్లు. అందరి మాటలూ కలిపి తేలిన విషయాలు రిపోర్టుగా ఇస్తామని చెప్పండి.

శ్రోత: సరే మేడమ్. రేపు పొద్దున డ్యూటీ మారే టైముకే వెళ్తాను.

నిపుణురాలు: రేపు వద్దు. ముందు ఆ లెటర్ సంగతి తేల్చుకో.