కొండెక్కిన నీళ్ళు: క్రాకో చూసొచ్చాక

(ఇంజినీర్ల దినోత్సవం నాడు రిటైర్డ్ ఇంజినీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూచున్న నా తోటి పింఛనుదార్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి నిజానికి. పోయినేడు అలాగే పేర్లు చదివి పావుగంట తినేశాను. అయినా ఇద్దరిని మర్చిపోయాను. అందులో ఒకాయన ఇవాళ్టికీ నాతో మాట్లాడటం లేదు, అదిగో మూడో వరసలో ఉన్నారు. అందుకని ఈసారి అందరికీ కలిపి ఒకటే దండం.

ముందుగా చిన్న పని. బాబూ, ఆ గాజుగ్లాసులో సగానికి నీళ్ళు పోసి ఇటు పెట్టు. ఇదిగో, నా జేబులో ఉన్నది చెరువు మట్టి గడ్డ. వారం రోజులు డాబా మీద ఎండబెట్టాను. గోడకేసి కొట్టినా పగలదు, మా మనవడు కొట్టి చూశాడు. దీన్ని నీళ్ళలో వేస్తున్నాను. ఎవరూ కదపకండి. మనం మాట్లాడుకుంటూ ఉందాం.

కార్డులో నా అంశం "విశ్వేశ్వరయ్యగారి జీవితం – స్ఫూర్తి" అని వేశారు. అది రాసుకొచ్చాను కూడా. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనగానే ఆయన పేరు మనకందరికీ గుర్తొస్తుంది. వరద అదుపుతో పాటు ఊరి మురుగునీటి పథకం కూడా ఆయన చేత వేయించుకున్నారు. అది ఎవరికైనా గుర్తొస్తుందా? రాదు. జలాశయం గట్టు మీద ఫోటో దిగుతాం, మ్యాన్‌హోలు పక్కన ఎవరు దిగుతారండీ? సరే, ఆయన గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు తర్వాత ఉన్నారు. నేను మాత్రం పోయిన మే నెలలో చూసొచ్చిన ఊరి సంగతి చెప్తాను. సంబంధం ఉంది, అధ్యక్షులవారూ, కంగారుపడకండి.

ఆ ఊరి పేరు క్రాకో. ఇటలీ పటం బూటులా ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. మడమ దగ్గరిది పూల్యా, బొటనవేలు కలాబ్రియా. ఆ రెంటి మధ్య పాదం వంపులో ఉన్నది బాసిలికాటా. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉంటుంది. సెలవులకి ఎక్కడికెళ్దాం నాన్నా అంటే వెనిస్ అంటాననుకుంది పాపం. వెనిస్ కూడా నీళ్ళ గొడవే అనుకోండి. బారి అనే ఊళ్ళో విమానం దిగి, చిన్న రైల్లో మతేరా వెళ్ళాం. మతేరాలో కొండని తొలిచిన గుహల్లోనే ఇళ్ళు. 1952లో చట్టం చేసి ఆ గుహల నుంచి పదిహేను వేల మందికి పైగా జనాన్ని బయటికి తరలించారు. ఆ ఇళ్ళే 1993లో యునెస్కో జాబితాకెక్కాయి. ఇప్పుడు వాటిలో ఒక రాత్రి పడుకోవాలంటే మన నెల పింఛనులో గట్టి ముక్కే పోతుంది. ఆ గుహల కింద వాననీళ్ళు పట్టే తొట్లున్నాయి, ఒకదాని నుంచి ఇంకోదాంట్లోకి దిగేలా. ఒక్క తొట్టి దగ్గర నేను గంటసేపు నిలబడితే మా ఆవిడ వెళ్ళి కాఫీ తాగొచ్చింది.

మర్నాడు కారు మాట్లాడుకుని క్రాకో వెళ్ళాం. దారి పొడుగునా చెట్టూ చేమా లేని బూడిదరంగు మట్టి గుట్టలు. వాన కోసికోసి, ఎండిన అరటిబోదెలా గాడులు గాడులుగా ఉన్నాయి. వాటిని కలాంకి అంటారక్కడ. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా కొండ కొమ్మున ఊరు. చివరంటా రాతి ఇళ్ళు ఒకదాని భుజం మీదొకటి ఎక్కి కూచున్నట్టున్నాయి. అన్నిటి పైన నార్మన్ల కాలపు చదరపు బురుజు. సముద్రమట్టానికి 391 మీటర్లు. దూరానికి నిండుగా కనిపిస్తుంది. దగ్గరికెళ్ళాక తెలుస్తుంది, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తోందని. ఊళ్ళో మనిషి లేడు.

వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది ఉన్న ఊరు కాదది. 1561లోనే 2,590 మంది జనాభా. పల్లంలో దొంగల భయం, దండయాత్రల భయం, అన్నిటికీ మించి మలేరియా. అందుకని కొండెక్కారు. రోజూ గాడిదని తోలుకుని పల్లంలోని పొలానికి దిగడం, చీకటి పడేలోగా పైకి చేరడం. మనకి తలకిందులు చూడండి. మన్యం జ్వరమంటే మన వాళ్ళకి కొండ మీద పట్టుకునేది, ఏజెన్సీకి బదిలీ అంటే ఇంట్లో ఏడుపులు. వాళ్ళకేమో కొండ దిగితే జ్వరం. కొండ మీద పంట చాలక 1892కీ 1922కీ మధ్య పదమూడు వందల మందికి పైగా ఉత్తర అమెరికా వెళ్ళిపోయారు. అయినా ఊరు నిలబడింది. ప్లేగు వచ్చినా నిలబడింది. బందిపోట్లు వచ్చినా నిలబడింది.

మరి దేనికి పడింది? 1963లో కొండచరియలు జారడం మొదలైంది. ఇళ్ళు బీటలిచ్చాయి. జనాన్ని కింద లోయలో క్రాకో పెస్కియెరా అనే చోటికి దించడం మొదలుపెట్టారు. 1972లో వరద వచ్చి తిరిగి చేరే ఆశ లేకుండా చేసింది. 1980 భూకంపంతో పూర్తిగా ఖాళీ. ఇదంతా గోడ మీది బోర్డు చూసైనా చెప్పొచ్చు. 1963 జారుడుకి కారణమేమిటని అడిగితే అక్కడి వాళ్ళు చెప్పేది వినండి. నీళ్ళ పైపులు, మురుగు కాలవల పనులు. అయ్యా, మన పనులు!

ఇది విన్నప్పుడు నేను ఆ ఊరి నడివీధిలో ప్లాస్టిక్ హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాను. టికెట్టుతో పాటు హెల్మెట్ ఇస్తారు, గైడు లేకుండా లోపలికి రానివ్వరు. మా గైడు ముప్పయ్యేళ్ళ అమ్మాయి. వాళ్ళ నాయనమ్మ ఇల్లు ఆ వీధిలోనే ఉండేదట. మా అమ్మాయి తర్జుమా చేస్తుంటే విన్నాను. నాయనమ్మ చిన్నప్పుడు తల మీద కుండ పెట్టుకుని ఊటకి దిగి నీళ్ళు మోసేదట. ఎన్నో ఏళ్ళకి పైపు వచ్చింది. కుళాయి తిప్పితే నీళ్ళు! ఆ పైనున్న బురుజు చూశారే, యుద్ధం కోసం కట్టిన బురుజు, దాంట్లోనే తర్వాతి కాలంలో నీళ్ళ ట్యాంకు పెట్టారు. నేనైనా అక్కడే పెట్టేవాణ్ణి. ఊళ్ళో అంతకంటే ఎత్తు లేదు, గ్రావిటీ మీద అన్ని వీధులకీ అందుతుంది. ఏ ఇంజినీరుకైనా చెయ్యి దురద పెట్టే చోటు.

ఆ బురుజు కింద రాయి గట్టిది, గులకరాళ్ళు అతుక్కుని బిగుసుకుపోయిన రాయి. బురుజు ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు. ఊళ్ళో చాలా భాగం మాత్రం దాని పక్కనున్న బంకమట్టి వాలు మీద ఉంది. తల మీద మోసుకొచ్చిన కుండెడు నీళ్ళతో ఇంటిల్లిపాదీ రోజు గడుపుకుంటే మట్టిలోకి పోయేదెంత? చెంబెడు. ఇంటింటికీ కుళాయి పెట్టాక, జాయింట్లు కారాక, వాడిన నీళ్ళు వాలు మీదే ఇంకిపోయాక పోయేదెంత? ఎండినప్పుడు ఈ మట్టి రాయి. తడిస్తే... గ్లాసు ఒకసారి చూడండి. అంచులు రాలుతున్నాయా? రాలుతున్నాయి. సరే.

గైడమ్మాయి ఒక గుమ్మం ముందు ఆగింది. లోపల అంజూరపు చెట్టు మొలిచింది. తలుపుకి గొళ్ళెం వేసి ఉంది, పక్కన గోడ లేదు. గోడ లేని ఇంటికి గొళ్ళెం! వాళ్ళ నాయనమ్మ వెళ్ళేరోజు వేసిన గొళ్ళెమట, మళ్ళీ వస్తామనుకుని.

ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మా అమ్మాయి ఎండదెబ్బ అనుకుని నీళ్ళ సీసా ఇచ్చింది. ఎండదెబ్బ కాదు. నాకు గుర్తొచ్చింది వేరే ఊరు. పేరు చెప్పను. మన రాష్ట్రమే, నేను ఏ.ఇ.గా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేసిన ఊరే. ఈ హాల్లో కొందరికి తెలుసు, దయచేసి పక్కవాళ్ళ చెవిలో చెప్పకండి.

ఆ ఊళ్ళో కొండ వాలు మీద కాలనీ. రిక్షా వాళ్ళు, హమాలీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. రెండొందల మెట్లు దిగి బిందెలు మోసేవాళ్ళు. ఎన్నికల ముందు నీళ్ళిస్తామన్నారు. ఎస్టిమేటు నేనే వేశాను. పంపు, నీళ్ళు పైకెక్కించే రైజింగ్ మెయిన్ పైపు, కొండ మీద ట్యాంకు, వీధి కుళాయిలు, మెట్ల పక్కన సిమెంటు కాలవ, కింద పెద్ద డ్రెయిన్‌లో కలిపే దాకా. అన్నీ వేశాను, అబద్ధం చెప్పను. ఎస్టిమేటు పై ఆఫీసుకెళ్ళి తిరిగొచ్చేసరికి కాలవ మీద ఎర్రగీత. పక్కన "రెండో దశలో" అని రాసుంది. మన సర్వీసులో రెండో దశ చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా.

పని పూర్తయింది. కుళాయి తిప్పిన రోజు నాకు శాలువా కప్పారు. ఆడవాళ్ళు పసుపునీళ్ళు చల్లారు. అంత సంతోషం నా సర్వీసులో మళ్ళీ లేదు, ఇది కూడా అబద్ధం కాదు. ఏడాది తిరిగాక ఒక మామ్మ ఆఫీసుకొచ్చింది. "బాబూ, నా ఇంట్లో గచ్చు చెమరుస్తోంది, ఓసారి రా" అంది. వెళ్ళాను. ఆవిడ మనవడి చేత గచ్చు మీద గోలీ పెట్టించింది. అది దానంతటదే దొర్లుకుంటూ పోయి లోయ వైపు గోడకి తగిలింది. "సంక్రాంతికి ఇది కదిలేది కాదు బాబూ" అంది. లెవెల్ పెట్టి చూడక్కర్లేదు, ఆ గోలీ చాలు.

నోటు రాశాను. "చూడడమైనది" అని తిరిగొచ్చింది. మళ్ళీ రాశాను. ఈసారి తిరిగి రాలేదు. ఆ తర్వాత నాకు బదిలీ అయింది. ఆ వర్షాకాలంలో ఆ వరసలో తొమ్మిది ఇళ్ళు జారాయి. పగటిపూట కాబట్టి మనుషులు పనుల్లో ఉన్నారు, ప్రాణాలు పోలేదు. మామ్మ గేదె పోయింది. విచారణలో "అధిక వర్షపాతం" అని తేల్చారు. వర్షపాతానికి సంజాయిషీ ఎవడడుగుతాడు?

ఫైలు మీద ఎర్రగీత నాది కాదు. కానీ పని ముగిసిందని ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, సంతకం నాదే. పనికి తోక, అంటే ఆ కాలవ, లేదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. క్రాకోలో ఆ గొళ్ళెం ముందు నిలబడే దాకా ఈ ముక్క మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క అయిదు నిమిషాలు.

భోజనం సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. దగ్గర్లో ఒక చిన్న పూటకూటింట్లో తిన్నాం. ఎర్రమిరపకాయలు దండలు గుచ్చి ఎండలో వేలాడదీసి, నూనెలో ఒక్క క్షణం వేయించి పెడతారు. పెపెరోనీ క్రుస్కి అంటారు. కరకరలాడుతూ మన ఊరమిరపకాయల చుట్టంలా ఉన్నాయి గానీ కారం లేదు, ఉప్పు లేదు. మా ఆవిడ సంచిలోంచి ఆవకాయ తీసింది. హోటలాయన కొంచెం రుచి చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం అడిగాడు.

ఆ పక్కనే పిస్తిచ్చి అని ఇంకో కొండ ఊరు. 1688లో అక్కడ ఒక పేట పేటంతా జారిపోయింది. జనం ఊరొదిలి పోలేదు, అక్కడే మళ్ళీ తెల్లటి ఇళ్ళ వరసలు కట్టుకున్నారు. ఇవాళ్టికీ ఉంటున్నారు. కాబట్టి కొండ మీద ఇల్లు కడితే పోతుంది, కొండ మీది వాళ్ళని దించెయ్యండి అని నేనట్లేదు. ఈ మధ్య ఎవరికి చెప్పినా ఇదే అంటున్నారు, ఆక్రమణలు తొలగించాలండీ అని. వాళ్ళెక్కడికి పోతారు? కిందనున్న పని కోసమే పైనున్నారు. క్రాకో వాళ్ళకి లోయలో కొత్త ఇళ్ళిచ్చారు. సరిగ్గానే ఇచ్చారు. అయినా మా గైడు నాయనమ్మ చివరిదాకా కిటికీ కొండ వైపు తీసే కూచునేదట.

నేననేది చాలా చిన్నది. నీళ్ళు ఎక్కించిన ప్రతి కొండకీ దిగే దారి వెయ్యండి. పైపు ఎస్టిమేటులోనే కాలవ పెట్టండి, వేరే ఫైలుగా వద్దు. వేరే ఫైలైతే అది పోతుంది. ఇక్కడ ఇంకా సర్వీసులో ఉన్న పిల్లలు ఓ పదిమంది ఉన్నారు, వాళ్ళకే చెప్తున్నాను. మిగతావాళ్ళం సంతకాలు పెట్టేసి కూచున్నాం.

గ్లాసు చూడండి ఇప్పుడు. అదిగో, గడ్డ లేదు. అడుగున చిక్కటి బురద. టీ పంచే బాబూ, అది కడిగెయ్యకు, అధ్యక్షులవారి బల్ల మీద ఉండనీ.

ఆ కాలనీ ఇంకా ఉంది. జారిన తొమ్మిది ఇళ్ళ చోట పదకొండు వెలిశాయి. పాత కుళాయిలు పారుతున్నాయి, కాలవ లేదు. మామ్మ లేదు, ఆ గోలీ పెట్టిన మనవడు ఉన్నాడు, ఆటో నడుపుతున్నాడు. ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను ఆటో లెవెల్, అంటే ఎత్తుపల్లాలు చూసే పరికరం, అద్దెకి తీసుకుని అక్కడికి వెళ్తున్నాను. కొత్త ఎస్టిమేటు వేసి మనమే పట్టుకెళ్ళి ఇద్దాం, పింఛనుదార్లని ఎవడు బదిలీ చేస్తాడు? స్టాఫ్, అదే కొలకర్ర, పట్టుకోడానికి ఒకరు, లెక్క రాయడానికి ఒకరు కావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కూచుని లెక్క రాయొచ్చు. వస్తామనేవాళ్ళు చెయ్యెత్తండి.

ఒకటి, రెండు, మూడు... మూడో వరసలో మీరా! సంతోషమండీ. నాలుగు. ఆ వెనక ఎత్తిన చెయ్యి వస్తాననా, ఫ్యాను తగ్గించమనా?