పెల్లెట్ స్టవ్ రివ్యూ: రెండు చలికాలాలు వాడాక చెప్తున్నా

నమస్తే అండీ. న్యూ హాంప్‌షైర్, నాషువా నుంచి మాట్లాడుతున్నాను. బయట 6 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 14. నా వెనకాల మంట కనిపిస్తోంది కదా, పొద్దున్న ఆరింటికి వెలిగించాను. ఇప్పుడు పదకొండు. స్వెటర్ లేకుండా కూర్చుని మీతో మాట్లాడుతున్నాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. స్టవ్ మా డబ్బుతోనే కొన్నాం. కానీ ఈ వీడియో చెయ్యమని షాపు వాళ్ళు ఈ సీజన్‌కి ఒక టన్ను పెల్లెట్లు ఉచితంగా ఇచ్చారు. ఏం చెప్పాలో చెప్పలేదు, వీడియో ముందుగా చూడలేదు. అది తెలిసి నా మాట వినండి.

మోడల్ నంబరు, వేడి కొలిచే బీటీయూలు, హాపర్‌లో, అంటే పెల్లెట్లు పోసే తొట్టిలో ఎన్ని పౌండ్లు పడతాయి, ఇవన్నీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు అవి ఇప్పటికే చూసేసి ఉంటారు. నేను వాటి జోలికి పోను. కొత్తగా చూసేవాళ్ళకి మాత్రం రెండు ముక్కలు. పెల్లెట్ అంటే రంపపు పొట్టుని గట్టిగా ఒత్తి చేసిన ముక్క, పెన్సిల్ లావున ఉంటుంది. జిగురేమీ కలపక్కర్లేదు, ఒత్తిడికి వేడెక్కి చెక్కలో ఉండే లిగ్నినే పట్టి ఉంచుతుంది. హాపర్‌లో బస్తా పోస్తే, అడుగున మెలికల స్క్రూ ఒకటి తిరుగుతూ కొద్దికొద్దిగా బర్న్ పాట్‌లోకి, అంటే మంట మండే గిన్నెలోకి జారుస్తుంది. ఆ స్క్రూని ఆగర్ అంటారు. ఒక ఫ్యాన్ పొగని గొట్టంలోంచి బయటికి లాగుతుంది, ఇంకో ఫ్యాన్ గదిలోకి వేడిగాలి వదుల్తుంది. 1980ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో జెర్రీ విట్‌ఫీల్డ్ అనే బోయింగ్ ఇంజనీర్ తయారుచేసిన స్టవ్ నుంచి ఇళ్ళల్లోకి వచ్చింది ఈ పద్ధతి.

పోయినేడు మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. గరాజ్‌లో బస్తా విప్పి గుప్పెడు పెల్లెట్లు చేతిలో పోస్తే, ఒకటి గోటితో చిదిపి వాసన చూసి, "ఇది రంపప్పొట్టే కదే! దీనికా ఇంత డబ్బు పోసింది?" అంది. నిజమే కదండీ. నా చిన్నప్పుడు మా ఇంట్లో పొట్టు పొయ్యి ఉండేది. టింబర్ డిపో నుంచి గోనెసంచితో పొట్టు తెచ్చేవాళ్ళం. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి తీసేది అమ్మ. సరిగ్గా దట్టించకపోతే గోడ కూలిపోయి పొయ్యి ఆరిపోయేది, ఇల్లంతా పొగ. బాగా దట్టిస్తే వంటంతా అయ్యాక కూడా నీళ్ళు కాగుతూనే ఉండేవి. పొట్టు ఎంత గట్టిగా ఉంది, మధ్యలోంచి గాలి ఎంత ఆడుతోంది, ఆ రెండే ఆ పొయ్యికి ప్రాణం. ఈ స్టవ్‌కీ అంతే. పొట్టు దట్టించే పని ఫ్యాక్టరీ చేసేస్తోంది. గాలి ఆడేలా చూసుకోవడం మాత్రం మన పనే.

అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు బర్న్ పాట్ గురించే మాట్లాడతాను. ఇదిగో, కెమెరా దగ్గరగా తెస్తున్నాను. ఇది పాత బర్న్ పాట్, దాచిపెట్టాను. మేం ఈ ఇల్లు కొన్నప్పుడు ముందు ఓనర్లు వదిలేసి వెళ్ళిన స్టవ్‌లోది. అడుగున ఈ చిల్లులు చూడండి, వాటిలోంచి గాలి పైకొచ్చి మంటని నిలబెడుతుంది. ఇప్పుడు ఈ మూల చూడండి. నల్లగా, గాజులాగా మెరుస్తూ గట్టిపడిన ముద్ద ఉంది కదా. ఇక్కడివాళ్ళు క్లింకర్ అంటారు. కమ్మరి కొలిమిలో చిట్టెం కడుతుంది చూశారా, అచ్చం అదే. పెల్లెట్లలో బెరడు, ఇసుక, మట్టి ఎక్కువుంటే బూడిద ఆ వేడికి కరిగి ఇలా ముద్దకడుతుంది. ముద్ద కడితే చిల్లులు మూసుకుంటాయి. గాలి తగ్గుతుంది, మంట బద్ధకంగా ఎర్రబడుతుంది, అద్దం నల్లబడుతుంది, అప్పుడింకా బూడిద. ఒకదాని వెనక ఒకటి.

ఆ పాత స్టవ్‌లో ఈ గిన్నె రెండు స్క్రూలతో బిగించి ఉండేది. రోజూ పొద్దున్నే ఆర్పి, చల్లారేదాకా అరగంట ఆగి, స్క్రూలు విప్పి, గీకి, మళ్ళీ బిగించాలి. ఒక ఫిబ్రవరి పొద్దున్న నేను ఆ పని మానేశాను. ఆఫీసు కాల్ ఉంది, పిల్లాడికి జ్వరం. స్విచ్ నొక్కి వెళ్ళిపోయాను. చిల్లులు మూసుకుపోయి, పెల్లెట్లని అంటించే ఇగ్నైటర్ వేడి పైకి రాలేదు, ఆగర్ మాత్రం పెల్లెట్లు పోస్తూనే ఉంది. గిన్నె నిండా పోగుపడి, అంటుకోకుండా పొగలు కమ్మి, పది నిమిషాల తర్వాత ఆ పొగంతా ఒక్కసారి అంటుకుంది. ధబ్ మని శబ్దం. అద్దం తలుపు అదిరింది, జాయింట్లలోంచి హాల్లోకి పొగ. అలారంలు అన్నీ మోగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని మంచులో నిలబడ్డ ఆ పావుగంట నేను మర్చిపోలేను. ఇగ్నైటర్ వెలగకుండా గిన్నెలో పెల్లెట్లు పోగుపడితే మళ్ళీ స్టార్ట్ నొక్కొద్దు. చల్లారనివ్వండి, ఖాళీ చెయ్యండి, గీకండి, అప్పుడు వెలిగించండి.

ఇప్పుడు కొత్తది చూడండి. పక్కన ఈ కడ్డీ ఉంది కదా, దీన్ని లాగితే గిన్నె అడుగు పలక పక్కకి జరుగుతుంది, బూడిద, చిట్టెం అన్నీ కింద ట్రేలోకి రాలిపోతాయి. వినండి... ఆ గరగరమన్న శబ్దం విన్నారా? అంతే, అయిపోయింది. నేను రెండ్రోజులకోసారి మంట ఆరాక లాగుతాను. వారానికోసారి ఇరవై నిమిషాలు బూడిద వాక్యూమ్‌తో లోపలంతా శుభ్రం చేస్తాను. మామూలు వాక్యూమ్ వాడకండి, లోపల ఒక్క నిప్పుకణిక మిగిలినా సంచి అంటుకుంటుంది. ఆ ట్రే బూడిద కూడా మూతున్న ఇనప డబ్బాలోనే పొయ్యండి, డబ్బా ఇంటికి దూరంగా బయట పెట్టండి. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికుంటుంది.

షాపుకెళ్తే మీకు ముందు చెప్పేది ఎన్ని చదరపు అడుగులు వేడి చేస్తుందనే. మీరు మాత్రం "బర్న్ పాట్ ఎలా తీస్తారు, నా చేత్తో ఒకసారి తీయనివ్వండి" అని అడగండి. షోరూంలో చల్లగా ఉన్నప్పుడే చెయ్యి తిరగకపోతే, జనవరిలో అసలు తిరగదు.

సైజు సంగతి కూడా ఇందులోనే కలిసుంది. మాకు షాపులో అన్నిటికన్నా పెద్దది చూపించారు. చలి కదా, పెద్దదే మేలనిపిస్తుంది ఎవరికైనా. కానీ అవసరానికి మించి పెద్దది తీసుకుంటే సీజనంతా దాన్ని తక్కువ మంట మీదే నడపాలి. తక్కువ మంట మీద అద్దం మసిబారుతుంది, గిన్నెలో మసి పేరుకుంటుంది. మేం మధ్య సైజు తీసుకున్నాం. ఫుల్‌లో పెడితే 40 పౌండ్ల బస్తా ఎనిమిది గంటల్లో అయిపోతుంది, తక్కువలో రోజంతా వస్తుంది.

ఇంకోటి, ఇది ఇల్లంతా వేడి చెయ్యదు. ఉన్న గదిని బ్రహ్మాండంగా, పక్క గదిని బాగా, చివరి బెడ్‌రూమ్‌ని అంతంతమాత్రంగా. మేం ఒక చిన్న ఫ్యాన్‌ని నడవాలో నేల మీద పెట్టి, చల్లగాలిని స్టవ్ వైపు తోస్తాం. అప్పుడు వేడిగాలి పైనుంచి బెడ్‌రూమ్‌ల వైపు తిరుగుతుంది. వేడిగాలిని బెడ్‌రూమ్‌లోకి తోసి చూశాం, పెద్దగా పనిచెయ్యలేదు.

ఇన్‌స్టలేషన్. దీని మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. మొదట వచ్చినాయన గోడకి చిల్లుపెట్టి గొట్టాన్ని అడ్డంగా తిన్నగా బయటికి తీసేద్దాం, రెండు గంటల పని అన్నాడు. ఆయన చూపించిన చోటికి సరిగ్గా పైనే తెరుచుకునే కిటికీ ఉంది. మా మాన్యువల్‌లో తెరిచే కిటికీకి నాలుగడుగుల దూరం ఉండాలని రాసుంది. నేల నుంచి ఎత్తు చూస్తే మంచు పడ్డప్పుడు గొట్టం మూతి కూరుకుపోతుంది. పర్మిట్ అక్కర్లేదని కూడా చెప్పాడు. నేను సిటీ ఆఫీసుకి వెళ్ళి అడిగితే, పర్మిట్ కావాలి, ఇన్‌స్పెక్షన్ ఉంటుంది అన్నారు. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పి, కాగితం మీద పెట్టించుకున్నాను. ఇంకొకాయన్ని పిలిచాం. గోడలోంచి బయటికి తీశాక T ఆకారపు జాయింటు ఒకటి పెట్టి, అక్కణ్ణుంచి గొట్టాన్ని నిలువుగా పైకి లేపాడు. ఖర్చు ఎక్కువైంది. ఆ ఖర్చు ఎందుకు పెట్టాలో చెప్తాను.

పెల్లెట్ స్టవ్‌కి కరెంటు కావాలి. మాది వెలిగేటప్పుడు దాదాపు 400 వాట్లు, తర్వాత వంద పైచిలుకు తీసుకుంటుంది. మంట మీదుండగా కరెంటు పోతే పొగ లాగే ఫ్యాన్ ఆగిపోతుంది, గిన్నెలో నిప్పు మాత్రం ఉంటుంది. గొట్టం అడ్డంగా ఉంటే ఆ పొగకి దారి తెలీదు, ఇంట్లోకి వస్తుంది. నిలువు గొట్టం ఉంటే వేడి పొగ తనంతట తానే పైకి పోతుంది. పోయిన మార్చిలో తడి మంచు పడి మాకు ఐదు గంటలు కరెంటు పోయింది. హాల్లో వాసన కూడా రాలేదు. ఆ రోజు ఆ రెండో ఆయనకి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను. నిలువు గొట్టం ఉంది కదా అని కార్బన్ మోనాక్సైడ్ అలారం మానెయ్యకండి. ప్రతి అంతస్తులో ఉండాలి.

ఈ రాష్ట్రంలో కరెంటు పోవడం చిన్న విషయం కాదు. 2008 డిసెంబర్ ఐస్ స్టార్మ్‌లో న్యూ హాంప్‌షైర్‌లోనే 4 లక్షలకి పైగా కనెక్షన్లు చీకట్లో ఉన్నాయి, కొందరికి రెండు వారాల దాకా రాలేదు. మన ఊళ్ళల్లో ఇన్వర్టర్ లేని ఇల్లు తక్కువ కదా, ఇక్కడ ఎవరికీ ఆ అలవాటు లేదు. మేం ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (లైన్ కరెంటులాంటి కరెంటే ఇచ్చేది), 12 వోల్టుల 100 ఆంప్ అవర్ లిథియం బ్యాటరీ పెట్టుకున్నాం. పది గంటలు లాగుతుంది. అంతకుమించి రోజుల తరబడి కరెంటు పోయే చోట ఉంటే, కట్టెల స్టవ్ కొనుక్కోండి. పెల్లెట్ షాపు వాళ్ళ టన్ను తీసుకుని ఈ మాట చెప్తున్నాను, కానీ అదే నిజం.

పెల్లెట్లు ఒకేసారి మూడు టన్నులు కొనెయ్యకండి. టన్నంటే 50 బస్తాలు. ముందు రెండు మూడు బ్రాండ్లవి ఐదేసి బస్తాలు కాల్చి, ఏది తక్కువ బూడిద ఇస్తుందో చూడండి. ప్రీమియం గ్రేడ్ అంటే బూడిద ఒక్క శాతంలోపే ఉండాలి. బస్తా అడుగున పొట్టు ఎక్కువ రాలి ఉంటే ఆ బ్రాండ్ వద్దు, ఆ పొట్టే హాపర్ మూలల్లో చేరి ఆగర్‌ని ఆపుతుంది. తడి తగిలితే పెల్లెట్ ఉబ్బి మళ్ళీ పొట్టయిపోతుంది, కాబట్టి గరాజ్ నేల మీద కాకుండా బస్తాల కింద వేసే చెక్క చట్రం మీదే ఉంచండి.

డబ్బు లెక్క. ఒక టన్ను పెల్లెట్లలో వేడి దాదాపు 120 గాలన్ల హీటింగ్ ఆయిల్‌తో సమానం. నేను ఆగస్టులో టన్ను 340 డాలర్లకి కొన్నాను. 340ని 120తో భాగిస్తే రెండు డాలర్ల 83 సెంట్లు. గాలన్ ఆయిల్ అంతకన్నా ఎక్కువుంటే పెల్లెట్ లాభం. మీ రేట్లతో మీరు వేసుకోండి. వీధిలో గ్యాస్ లైన్ ఉన్నవాళ్ళు డబ్బు మిగుల్తుందని మాత్రం కొనకండి, మిగలదు. ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్, 30 శాతం, 2000 డాలర్ల దాకా వచ్చేది, అది 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. పాత వీడియోల్లో ఇంకా వస్తుందని చెప్తున్నారు, నమ్మకండి.

నచ్చనిది ఒకటుంది, శబ్దం. ఫుల్‌లో పెడితే రెండు ఫ్యాన్లూ కలిసి హోరుమంటాయి. అమ్మ సీరియల్ చూసేటప్పుడు వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది, ఎదురుగా కూర్చుని ఫోన్ మాట్లాడలేం. కొనేముందు షోరూంలో ఫుల్‌లో పెట్టించి వినండి.

మళ్ళీ కొనాల్సొస్తే? ఇదే కొంటాను, ఇలాగే నిలువు గొట్టంతో పెట్టించుకుంటాను. ఆ కడ్డీ ఒక్కటి చాలు నాకు. ఆయిల్ బాయిలర్ ఉన్నప్పుడు అమ్మ వస్తే రెండు స్వెటర్లు, మేజోళ్ళు, తలకి మఫ్లరు, అయినా మోకాళ్ళ నొప్పులని గది వదిలి వచ్చేది కాదు. పోయినేడు ఈ స్టవ్ ముందు పీట వేసుకుని కూర్చుని మెంతికూర వలిచింది. అద్దంలోంచి మంట చూస్తూ, "గాలి బాగా ఆడుతోందే దీనికి" అంది. పొట్టు పొయ్యి కాచినావిడ మాట అది.

వచ్చే నెల పదో తారీఖున మళ్ళీ వస్తోంది. ఏప్రిల్‌లో సీజన్ అయ్యాక గొట్టం విప్పి, లీఫ్ బ్లోయర్‌తో బూడిద లాగే వీడియో ఇద్దరం కలిసి చేస్తాం. పొగ గొట్టం గురించి, పర్మిట్ గురించి ప్రశ్నలుంటే కామెంట్‌లో మీ రాష్ట్రం పేరు రాసి అడగండి, ఒక్కో చోట ఒక్కో రూలు. ఉంటానండీ, హాపర్‌లో బస్తా పొయ్యాలి.