రెండు ముళ్ళూ కలిసి లేవాలి

అందరికీ నమస్కారం. ఈ రోజు కారుకు బూస్ట్ గేజ్, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ బిగించడం గురించి చెబుతాను. కుర్చీలు చాలనివాళ్ళు ఆ పాత టైర్ల మీద కూర్చోండి, ప్యాంటుకు మరకైతే నన్నడగొద్దు.

నా వెనకున్నది 2001 పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ. 3.8 లీటర్ల వీ6, దాని నెత్తిన ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే ఈటన్ ఎం90 సూపర్‌చార్జర్, 240 హార్స్‌పవర్. ఈ ఇంజన్ పుట్టిల్లు మన మిషిగన్‌లోని ఫ్లింటే. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది కార్ల కంపెనీల్లోనే పనిచేస్తారు, సొంత కారు బానెట్ ఎత్తమంటే మాత్రం మెకానిక్ నంబరు వెతుకుతారు. నేనూ ఆ బాపతే, ఈ కారు కొనేదాకా.

కంపెనీ దీనికిచ్చిన సూపర్‌చార్జర్ పుల్లీ 3.8 అంగుళాలు. అది తీసి 3.4 వేశాను. పుల్లీ చిన్నదైతే సూపర్‌చార్జర్ దాదాపు 12 శాతం వేగంగా తిరిగి, అంత ఎక్కువ గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. అలా తోసిన గాలి ఒత్తిడినే బూస్ట్ అంటారు. పుల్లీ మార్చినవాళ్ళు వెంటనే దాన్ని చూపించే బూస్ట్ గేజ్ కొంటారు. ముల్లు లేస్తుంటే చూడ్డానికి బాగుంటుంది, పక్క సీట్లో బావమరిదికి చూపించుకోవచ్చు. పెట్రోలు ఒత్తిడి చూపించే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ దగ్గరికొచ్చేసరికి "తర్వాత చూద్దాంలే" అంటారు. నన్నడిగితే ఒక్కదానికే డబ్బులున్నప్పుడు ఆ రెండోదే కొనండి. బూస్ట్ గేజ్ పంక్తిలో ఎంతమంది కూర్చున్నారో చెబుతుంది. గుండిగలో అన్నం ఉందో లేదో ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ చెబుతుంది.

కొంచెం లెక్క చూద్దాం. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే ఫ్యూయల్ రెగ్యులేటర్‌కు, ఇంజన్‌లోకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఒక సన్న రబ్బరు గొట్టం వస్తుంది. ఆ గొట్టం ఊడదీసినప్పుడు ఫ్యూయల్ రైల్లో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, ఒత్తిడి 50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అనుకుందాం. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, మానిఫోల్డ్‌లో 20 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ ఉంటే, అది సుమారు 10 పీఎస్ఐ పీల్పు. గేజ్ 40 చూపిస్తుంది. గట్టిగా తొక్కితే 10 పీఎస్ఐ బూస్ట్ వచ్చిందనుకోండి, గేజ్ 60 చూపించాలి. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌కు ఆ వైపుకూ ఈ వైపుకూ ఒత్తిడి తేడా ఎప్పుడూ 50 ఉండాలి, అదీ సంగతి. పాత ఫ్యూయల్ పంపు అలిసిపోయి 52 దగ్గరే ఆగిపోతే ఆ తేడా 42కు పడి, పెట్రోలు దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఈ కారు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట వినిపించుకోదు, తన పట్టికలో రాసి ఉన్నంతే పోస్తుంది. కాబట్టి ఆ లోటు పూడదు. మిశ్రమం పలచబడుతుంది, పెట్రోలు వేళకాని వేళ పేలే నాకింగ్ మొదలవుతుంది, ఆపైన పిస్టన్ల వంతు. మీకు సీట్లో తెలిసేది మాత్రం కారు "కొంచెం బద్ధకంగా ఉంది" అన్నంతే.

ఇక బిగించే పని. బూస్ట్ గొట్టం ఎక్కడ తగిలించాలన్నది అసలు చిక్కు. ఈ కారులో థ్రాటిల్, అంటే గాలిని అదుపు చేసే తలుపు, సూపర్‌చార్జర్‌కు ముందుంటుంది. రెంటికీ మధ్యనున్న నిపిల్‌కు (గొట్టం తొడిగే చిన్న మూతికి) తగిలిస్తే వాక్యూమ్ కనిపిస్తుందే గానీ బూస్ట్ ఎన్నటికీ కనిపించదు. నేను సరిగ్గా అదే చేశాను. వారం రోజులు ముల్లు సున్నా దాటలేదు. బెల్టు జారుతోందని టెన్షన్ పడి కొత్త బెల్టు కూడా కొన్నాను! సూపర్‌చార్జర్ తర్వాత, మానిఫోల్డ్ ఒత్తిడి అందే చోటే తీసుకోవాలి. రెగ్యులేటర్ గొట్టంలో ఒక టీ (T ఆకారపు అతుకు) వేస్తే సరి. కానీ ఆ టీకి అన్ని వైపులా క్లిప్పులు వేయండి. బూస్ట్‌లో అది ఊడితే రెగ్యులేటర్‌కు కబురు అందదు, మళ్ళీ పెట్రోలు లోటే.

ఫ్యూయల్ గేజ్ విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. మెకానికల్ గేజ్ కొని పెట్రోలు గొట్టాన్ని కారు లోపలికి తేవద్దు. మోకాళ్ళ దగ్గర పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎలక్ట్రిక్ గేజ్ తీసుకుంటే లోపలికొచ్చేది తీగ ఒక్కటే. ఫ్యూయల్ రైలు మీద ఒత్తిడి చూసే టెస్ట్ పోర్ట్ ఉంది, టైరు వాల్వు లాగే ఉంటుంది. బరువైన సెండర్‌ను (ఒత్తిడిని కొలిచి గేజ్‌కు పంపే సెన్సర్‌ను) నేరుగా దాని మీద వేలాడదీస్తే అదురుకు విరుగుతుంది. చిన్న అల్లిక గొట్టంతో పక్కకు తెచ్చి బ్రాకెట్‌కు బిగించండి. ఒంటి తీగ సెండరైతే దాని ఒంటికే ఎర్త్ అందాలి. నేను మరల మీద టెఫ్లాన్ టేప్ దట్టంగా చుట్టి ఆ దారి మూసేశాను, ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది.

ఫ్యూయల్ రైలు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ట్యాంకు మూత వదులు చేసి, ఒత్తిడి దించి, గుడ్డ అడ్డం పెట్టండి. ఇంజన్ చల్లగా ఉండాలి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. వైరింగ్ తేలికే: ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్యనున్న ఫైర్‌వాల్‌లో రబ్బరు గ్రామెట్ (తీగ కోసుకుపోకుండా కాపాడే వలయం) ఉన్న రంధ్రంలోంచి తీగ లాగండి, ఇగ్నిషన్‌తో వచ్చే కరెంటుకు చిన్న ఫ్యూజ్ పెట్టండి.

అంతా అయ్యాక స్టార్ట్ చేయకండి. తాళం ఆన్ చేసి రెండు సెకన్లు పంపు తిరగనిచ్చి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేసి, ప్రతి అతుకు చుట్టూ పొడి టిష్యూ తిప్పి చూడండి. తడి లేకపోతేనే ఇంజన్. అది ఐడిల్‌లో ఉండగా రెగ్యులేటర్ గొట్టం ఊడదీసి, గొట్టం మూతిని వేలితో మూయండి. ఫ్యూయల్ ముల్లు 40 నుంచి 50కి లేవాలి. గొట్టంలోంచి పెట్రోలు చుక్క పడిందంటే రెగ్యులేటర్ లోపలి డయాఫ్రమ్ (పలచని పొర) చిరిగినట్టే, వెంటనే ఇంజన్ ఆపాలి.

బానెట్ ఎత్తే ఉంది, ఇంజన్ చల్లగానే ఉంది. ముందు టిష్యూ ఎవరు పడతారు?