ఒకే మాత్ర ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయదు?
ఊపిరితిత్తుల క్యాన్సర్, జన్యు తేడాలు: అమలాపురంలో ఇచ్చిన ప్రసంగ పాఠం

సభకు వచ్చిన పెద్దలకు, ఆశా కార్యకర్తలకు, ఊళ్లలో మొదట రోగిని చూసే వైద్య మిత్రులకు నమస్కారం.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే మనవైపు ముందు లంక పొగాకు, చుట్ట గుర్తొస్తాయి. పొగాకే ఇప్పటికీ పెద్ద కారణం. కానీ జన్మలో చుట్ట ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. వాళ్లలో ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమా అనే రకం. ఆ కణితిలో ఏ జన్యువు మారిందో తెలిస్తే వైద్యం దారే మారుతుంది.

ఇక్కడ రెండు రకాల తేడాలను కలపకూడదు. ఒకటి కణితిలో మాత్రమే పుట్టిన మార్పు. అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, పిల్లలకు పోదు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పండి. రెండోది పుట్టుకతో ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉండే తేడా. మొదటిది ఏ మందు ఇవ్వాలో చెబుతుంది. రెండోదాన్ని బట్టి ఆ మందు ఒంట్లో ఎంత నిలుస్తుంది, ఎంత బాధపెడుతుంది అన్నది మారుతుంది.

కణితి మార్పుల్లో ముఖ్యమైనది ఈజీఎఫ్ఆర్ అనే, కణాన్ని పెరగమని చెప్పే జన్యువులో వచ్చేది. మన దేశంలో అడినోకార్సినోమా రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందికి, కొన్నిచోట్ల అంతకు మించి, ఇది ఉంటోంది. 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనంలో, ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే జెఫిటినిబ్ మాత్రను కీమోతో పోల్చారు. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లలో మాత్రతో నూటికి 71 మందికి కణితి తగ్గింది. మార్పు లేనివాళ్లలో తగ్గింది నూటికి ఒక్కరికే. అదే కీమో తీసుకుంటే 23 మందికి తగ్గింది. పరీక్ష చేయకుండా మాత్ర మొదలుపెడితే, మార్పు లేని రోగికి పనిచేసే వైద్యం దూరం చేసినట్టే. పక్క ఊళ్లో ఫలానా ఆయనకు పనిచేసిందని అదే మాత్ర కొని వాడటం ఇందుకే ప్రమాదం.

మార్పు ఉన్నవాళ్లలోనూ ఫలితం ఒకేలా ఉండదు. ఆ జన్యువులో ఎక్సాన్ 19 అనే చోట కొంత భాగం తెగిపోయినవాళ్లకు, ఎక్సాన్ 21 అనే చోట ఎల్858ఆర్ అనే మార్పు ఉన్నవాళ్లకంటే సాధారణంగా మేలు ఎక్కువకాలం నిలుస్తుంది. కణితిని అదుపులో పెట్టే టీపీ53 అనే జన్యువు కూడా చెడితే ఆ కాలం తగ్గుతుంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 350 మందిపై చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, జెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు సగటున 8 నెలలు అదుపులో ఉంది, కీమో జోడిస్తే 16 నెలలు. దుష్ప్రభావాలు మాత్రం బాగా పెరిగాయి. కాబట్టి రోగి ఒంటి బలం చూసి నిర్ణయించాలి.

ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ గురించి ఒక హెచ్చరిక. ఈజీఎఫ్ఆర్‌లో గానీ, ఏఎల్‌కే అనే మరో జన్యువులో గానీ మార్పులున్న కణితుల్లో అది ఒక్కటే ఇస్తే పెద్దగా పనిచేయదు. పైగా అది ఇచ్చిన కొద్ది నెలల్లో ఆసిమెర్టినిబ్ అనే మరో ఈజీఎఫ్ఆర్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది. రోగి పరిస్థితి మరీ విషమంగా లేకపోతే జన్యు రిపోర్టు వచ్చేదాకా ఆగడమే మంచిది. ఆగలేకపోతే కీమోతో మొదలుపెట్టవచ్చు.

అసలు పని చెడేది చాలాసార్లు బయాప్సీ ముక్క దగ్గరే. సన్నసూదితో తీసిన నాలుగు కణాలు క్యాన్సర్ అని చెప్పడానికి చాలవచ్చు గానీ జన్యు పరీక్షకు తరచూ చాలవు. లావు సూదితో ముక్కగా తీసే కోర్ బయాప్సీ అడగండి. ముక్క తీసిన గంటలోపే ముక్కను చెడకుండా ఉంచే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, ద్రవం ముక్కకు పదింతలుండాలి. అందులో 6 నుంచి 72 గంటలే ఉండాలి. శనివారం తీసి సెలవుల వల్ల వారం నానబెడితే డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఎముక నుంచి తీస్తే ఆమ్లంలో మెత్తబరచడం ఇంకా పాడుచేస్తుంది. టీబీ అనుమానం కూడా ఉంటే రెండు డబ్బాలు పెట్టండి: ఒకటి ఫార్మలిన్, ఒకటి సెలైన్. ఫార్మలిన్‌లో టీబీ క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ రాదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు తీస్తే పారబోయకండి, అందులోని కణాలను గడ్డగా చేసి మైనంలో దాచే సెల్ బ్లాక్ చేయించండి. క్యాన్సర్ రకం తేల్చే రంగు పరీక్షలు టీటీఎఫ్-1, పీ40 అనే రెండింటి వరకు ఆపి, మిగతా బ్లాకును (ముక్కను మైనంలో దాచిన దిమ్మను) జన్యువులకు దాచమని పాథాలజీ వారిని కోరండి. రోగి హైదరాబాద్ వెళ్లినా, విశాఖ వెళ్లినా ఆ బ్లాకు వెంట ఉండాలి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

ముక్క దొరకనప్పుడు, రక్తంలో తేలే కణితి డీఎన్ఏను వెతికే రక్త పరీక్ష ఉంది. ఇందుకు ప్రత్యేక ట్యూబు ఉంటుంది, దాన్ని ఐసులో పెట్టకూడదు, కోనసీమ ఎండలో కారులో వదలకూడదు. మామూలు ఈడీటీఏ ట్యూబైతే కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరుచేయాలి. రక్తంలో మార్పు కనిపిస్తే నమ్మవచ్చు. కనిపించకపోతే లేదని అర్థం కాదు, ముక్క మళ్లీ తీయాల్సిందే.

ఇక పుట్టుకతో వచ్చే తేడాలు. జెఫిటినిబ్‌ను కాలేయంలో సీవైపీ3ఏ4, సీవైపీ2డీ6 ఎంజైములు విరుస్తాయి. 2డీ6 మందకొడిగా ఉన్నవారి రక్తంలో మందు రెండింతల దాకా చేరుతుంది. అందుకే అదే 250 మిల్లీగ్రాములకు ఒకరికి చిన్న దద్దుర్లు, ఇంకొకరికి ఆగని విరేచనాలు. చిన్నకణ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే కీమో మందు ఇరినోటెకాన్‌ విషయంలో యూజీటీ1ఏ1*28 అనే జన్యు తేడా తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చి రెండు ప్రతులూ ఉన్నవారికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. తూర్పు ఆసియా వారిలో నూటికి సుమారు 12 మందికి బిమ్ అనే జన్యువులో కొంత భాగం ఉండదు. వారిలో జెఫిటినిబ్ లాంటి మాత్రల ప్రభావం తగ్గుతుందని 2012లో గుర్తించారు. చికిత్స మార్చే స్థాయికి ఆ పరీక్ష ఇంకా రాలేదు.

జన్యువును మార్చలేం, కానీ అదే ఎంజైమును కదిలించే వాటిని మార్చగలం. మన దగ్గర అతి పెద్దది టీబీ మందు. అందులోని రిఫాంపిసిన్ వాడుతుంటే జెఫిటినిబ్ రక్తంలో 83 శాతం దాకా తగ్గిపోతుంది, మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. ఎక్స్‌రేలో నీడ చూసి, కఫంలో క్రిమి దొరక్కుండానే టీబీ మందు మొదలుపెట్టిన రోగి తర్వాత క్యాన్సర్ వైద్యానికి వస్తే, ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. చుట్ట, సిగరెట్ మానకపోతే, జెఫిటినిబ్ లాంటిదే అయిన ఎర్లోటినిబ్ మాత్ర మోతాదు సగానికి పైగా వృథా. ఎర్లోటినిబ్‌ను ఖాళీ కడుపుతోనే, తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత వేయాలి. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ రెంటినీ ఒంటికి పట్టనివ్వదు. పెరట్లో కాసే పంపరపనస ఎంజైమును అణిచి మందును పెంచుతుంది, ఈ మాత్రలు వాడినన్నాళ్లూ దాన్ని పక్కన పెట్టండి.

జబ్బు మళ్లీ పెరిగినప్పుడు పాత రిపోర్టుతో సరిపెట్టవద్దు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ పనిచేయడం మానినవారిలో సగానికి పైగా టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుంది, దానికి ఆసిమెర్టినిబ్ 80 మిల్లీగ్రాములు పనిచేస్తుంది. రక్తంతో మొదలుపెట్టి, దొరక్కపోతే కొత్త ముక్క తీయించాలి.