పింక్ ఫ్లాయిడ్‌లో రిచర్డ్ రైట్ వాటా

సభకు నమస్కారం.

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే, పాటల మాటలు రాసిన రోజర్ వాటర్స్ గొప్పా, గిటారు వాయించిన డేవిడ్ గిల్మర్ గొప్పా అన్న వాదన తప్పదు. 1985లో వాటర్స్ బృందాన్ని వదిలాక ఆ ఇద్దరి మధ్య ముదిరిన తగవు అభిమానులకూ అంటుకుంది. నేను ఎవరి పక్షమూ వహించను. ఆ బృందాన్ని తక్కిన రాక్ బృందాల నుంచి వేరుచేసిన నాదం ప్రధానంగా కీబోర్డులు వాయించిన రిచర్డ్ రైట్‌ది అని నా నమ్మకం. అందుకు సాక్ష్యం వారి ఆల్బమ్‌లలోనే ఉంది.

1971లో వచ్చిన ‘మెడిల్’ రికార్డు రెండో వైపంతా ‘ఎకోస్’ అనే ఒక్క పాటే. నిడివి 23 నిమిషాలకు పైనే. హామండ్ ఆర్గన్ కోసం తయారైన, లోపల గిర్రున తిరిగే లెస్లీ స్పీకరు గుండా పియానో స్వరం ఒకదాన్ని పంపి రైట్ ఆ పాటను మొదలుపెట్టారు. పియానో నేర్చుకునే పిల్లవాడు సైతం నొక్కగల మెట్టు అది. పాట పాడినది కూడా గిల్మర్ ఒక్కరే కాదు. రైట్ గొంతు ఆయన గొంతుతో ఎంతగా కలిసిపోయిందంటే, ఏది ఎవరిదో విడదీయడం కష్టం.

1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. అందులోని ‘అజ్ అండ్ దెమ్’ బాణీని రైట్ నిజానికి ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన ‘జబ్రిస్కీ పాయింట్’ అనే చిత్రం కోసం కట్టారు. ఆ దర్శకుడు అక్కర్లేదనడంతో అది పక్కన పడి ఉండి, తర్వాత ఈ ఆల్బమ్‌లోకి వచ్చింది. ఇంతకన్నా లాభసాటి తిరస్కారం రాక్ చరిత్రలో అరుదు. పల్లవికి ముందు వచ్చే భాగంలో కింద ‘డి’ స్వరం కదలకుండా నిలిచి ఉండగా పైన స్వరసముదాయాలు (కార్డ్‌లు) మెల్లగా మారుతుంటాయి. తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవి ఈ అమరికను వెంటనే పోల్చుకుంటుంది. ‘డి’ని షడ్జమం అనుకుంటే, మూడో సముదాయం దగ్గర అంతర గాంధారం సాధారణ గాంధారానికి దిగుతుంది, దానికి తోడుగా కాకలి నిషాదం వినిపిస్తుంది, పాటలోని దిగులంతా ఆ ఒక్క దిగడంలోనే ఉంది. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ అనగానే అందరూ క్లేర్ టోరీ గొంతును తలచుకుంటారు, అది న్యాయమే. అయితే ఆ గొంతుకు దారి వేసిన పియానో రైట్‌ది. ఇదే ఆల్బమ్‌లోని ‘బ్రీత్’ పాటలో ఒక సముదాయాన్ని జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నుంచి తెచ్చుకున్నానని రైట్ స్వయంగా చెప్పారు.

1975 నాటి ‘విష్ యు వర్ హియర్’లో గిల్మర్ వాయించిన నాలుగు స్వరాల గిటారు పలుకు జగత్ప్రసిద్ధం. అది రాకముందే సింథసైజర్లు, గాజు గ్లాసుల మోతా కలిసి పరిచిన నేలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ పలుకు వచ్చే ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ పాట చివరి భాగం పూర్తిగా రైట్ రచన. అది ముగిసే క్షణాల్లో ఆయన, బృందం తొలి గాయకుడు, తర్వాత దానికి దూరమైన సిడ్ బారెట్ 1967లో రాసిన ‘సీ ఎమిలీ ప్లే’ బాణీని ఒక్కసారి పలికించి వదిలేశారు.

1979లో ‘ది వాల్’ ఆల్బమ్ తయారీ సమయంలో రైట్‌ను బృందం నుంచి తప్పించారు. అప్పటికి ఆయన నుంచి కొత్తగా ఏమీ రావడం లేదన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. తర్వాతి కచేరీలలో ఆయన జీతానికి వాయించారు. ఆ ప్రదర్శనల ఖర్చు తక్కిన ముగ్గురి నెత్తిన పడగా, డబ్బు మిగిలింది జీతగాడికే! 1983 నాటి ‘ది ఫైనల్ కట్’లో ఆయన లేరు. వాటర్స్ మాటలు అందులో చాలా పదునుగా ఉన్నా, వాటికి ఊపిరి తీసుకునే చోటు లేక, రెండో వైపుకు వచ్చేసరికి నాకు అలసట వస్తుంది. 1994 నాటి ‘ది డివిజన్ బెల్’ మాటల్లో అంతకంటే బలహీనమే అయినా, రైట్ తిరిగి రచనలో పాలుపంచుకున్నందువల్ల వినడానికి హాయిగా ఉంటుంది.

రైట్ 2008 సెప్టెంబరులో క్యాన్సర్‌తో మరణించారు. ఆయన లేకుండా ‘ఎకోస్’ వాయించనని గిల్మర్ చెప్పారు. 2006లో పోలండ్‌లోని గ్డాన్‌స్క్ ఓడరేవు నగరంలో వారిద్దరూ కలిసి వాయించిన ‘ఎకోస్’ రికార్డింగును ఇప్పుడు పూర్తిగా వినిపిస్తాను. దయచేసి ఈసారి గిటారును వదిలి కీబోర్డు వెంట వెళ్లండి.